ఎదురొచ్చిన నీలం చుక్క

మేం ప్రయాణమైన రోజు ఛాయాదేవి ఆంటీ మాకు ఎదురొచ్చారు. నీళ్ళ చెంబు పట్టుకుని డ్రైవ్‌వే చివర మెయిల్‌బాక్స్ పక్కన నిలబడి, మేం గడప దాటగానే మా వైపు నడవడం మొదలుపెట్టారు. పక్కింటాయన లాన్ మోవర్ ఆపేసి మరీ చూశాడు.

"ఆంటీ, ఇప్పుడు మేము మీకు హైఫైవ్ ఇవ్వాలా?" అంది రియా.

"నోరు మూసుకొని సక్కగ నడువ్. నవ్వితే ఎదురొచ్చిన ఫలితం పోతది," అన్నారు ఆంటీ, తనే నవ్వు ఆపుకుంటూ.

ఆంటీది వరంగల్. ఇక్కడ అమెరికాలో, హెర్న్‌డన్‌లో వాళ్ళ టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో నేనూ రియా అద్దెకుంటున్నాం. ఆ ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఆంటీ ఎదురు రావాల్సిందే. వెళ్ళేవాళ్ళని వెనక నుంచి పిలవడం మాత్రం ఆమెకి ప్రాణం పోయినంత పని. మాచర్లలో మా అమ్మా అంతే. ఆ అలవాటు నాకూ ఎంత పాతుకుపోయిందంటే, రియా ఏదైనా మర్చిపోయి కారు దాకా వెళ్ళిపోతే నేను పిలవను. పరుగెత్తి, చుట్టూ తిరిగి, కారు ముందుకెళ్ళి చెయ్యెత్తి నిలబడతాను.

షెనండోవాలో ఓల్డ్ ర్యాగ్ కొండ మీద ప్రాక్టీసు చేసినప్పుడూ అదే జరిగింది. చెట్ల మీద వేసిన నీలం గుర్తు చూసుకోకుండా రియా పక్కదారి పట్టింది. నేను వెనకే ఉన్నాను. ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ నోరు రాలేదు. పొదల్లోంచి పడుతూ లేస్తూ చుట్టూ తిరిగి ఆమె ముందుకొచ్చి, ఒగరుస్తూ చెయ్యి చాపాను. రియా ముందు జడుసుకుంది, తర్వాత నేల మీద కూర్చుని నవ్వింది. "ఓ మై గాడ్, దీపూ! ట్రాఫిక్ పోలీస్!" అంది. అప్పట్నుంచీ కోపం వచ్చినా ప్రేమ వచ్చినా నన్ను అలాగే పిలుస్తుంది.

మేం వెళ్ళాల్సింది పిరెనీస్ పర్వతాలకి. ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్య అట్లాంటిక్ నుంచి మధ్యధరా దాకా గోడలా నిలబడి ఉంటాయవి. ఆ గోడ అంచునే వెళ్ళే కాలిబాట ఒకటుంది. మొత్తం నడవాలంటే నెల పైనే పడుతుంది కాబట్టి పడమటి భాగం చాలనుకున్నాం. ఏడాది పాటు మా డైనింగ్ టేబుల్ మీద పళ్ళేలు పెట్టే చోటు లేకుండా మ్యాపులే. ఏ శిఖరం తర్వాత ఏ కనుమ వస్తుందో, నీళ్ళెక్కడ దొరుకుతాయో నాకు కంఠతా వచ్చేసింది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. చదవడం తప్ప దేనికీ ఇంకో పద్ధతి తెలియదు.

బ్యాగులు వీపున తగిలించుకుని ఆంటీని దాటి నాలుగడుగులు వేశామో లేదో, నా ఫోన్ మోగింది. నా వీసా పని చూసే అటార్నీ ఆఫీసు నుంచి.

నా స్టూడెంట్ వీసా ఉద్యోగ వీసాగా మారే అప్లికేషన్ ఆ వారంలో అప్రూవ్ అయిపోతుందని అనుకున్నాం. కాలేదు. పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే దాన్ని నాకు నేనే వదులుకున్నట్టు లెక్కట. "ప్లీజ్ డోంట్ ట్రావెల్," అని ఫోన్‌లో ఆవిడ రెండుసార్లు చెప్పింది.

నేను డ్రైవ్‌వే మధ్యలో అలాగే నిలబడిపోయాను.

"అయితే నేను కూడా క్యాన్సిల్ చేస్తా," అంది రియా. ఈ దేశంలోనే, కాపెల్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడితే ప్రతి మాటనీ కొంచెం సాగదీస్తుంది. "నువ్వు లేకపోతే నాకు అక్కడ వెళ్ళాలని లేదు."

"నోర్ముయ్. ఎక్కు కారు," అన్నాను.

ఏడుపు ఆపుకోవడానికి నాకు ఏదో ఒక పని కావాలి. రియాని మా ఊరి పక్కనే ఉన్న డల్లస్ ఎయిర్‌పోర్టులో దింపి వచ్చి, బ్యాగు తలుపు వెనక పడేసి, బూట్లు దాని పక్కన విడిచి, లాప్‌టాప్ తెరిచాను. సెలవు క్యాన్సిల్ చేసుకున్నానని మేనేజర్‌కి మెసేజ్ పెట్టి మీటింగ్‌లో చేరిపోయాను. పైనుంచి ఆంటీ మెట్ల దగ్గరికొచ్చి అరిచారు.

"బిడ్డా, కాళ్ళు కడుక్కున్నవా? నీళ్ళు తాగినవా?"

"మీటింగ్‌లో ఉన్నా ఆంటీ! తర్వాత తాగుతా!"

మా ఇద్దరికీ చెరో ట్రాకర్ కొన్నాం. అరచేతిలో పట్టే పరికరం. అది శాటిలైట్‌తో మాట్లాడి పది నిమిషాలకోసారి మనం ఎక్కడున్నామో ఒక వెబ్ పేజీలో చుక్క పెడుతుంది. రియాది ఎరుపు, నాది నీలం. సెల్ సిగ్నల్ లేనిచోట చిన్న మెసేజ్‌లు కూడా పంపుతుంది, కాకపోతే అవి చేరడానికి ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. నాది బ్యాగులోనే స్విచ్ ఆఫ్ చేసి ఉంది. పేజీలో ఎర్ర చుక్క ఒక్కటే.

ఆ చుక్కని చూస్తూ నేను ఉద్యోగం చేశాను. సముద్రం ఒడ్డున ఆందాయ్ అనే ఊళ్ళో బయల్దేరింది. బాస్క్ కొండల పచ్చిక మీదుగా ఎక్కింది, దిగింది. రియా మెసేజ్‌లు పంపేది. "గుర్రాలు నా శాండ్‌విచ్ తిన్నాయి." "వర్షం. సాక్స్ చచ్చిపోయాయి." "ఇక్కడ ఒక తాత నన్ను మెక్సికోనా అని అడిగాడు." నేను సాయంత్రాలు మ్యాపు ముందేసుకుని, రేపు కనుమ దాటాక ఎడమవైపు తిరగాలి, గుర్తుంచుకో అని పంపేదాన్ని. "ఎస్, ట్రాఫిక్ పోలీస్," అని జవాబొచ్చేది.

ఆమె సముద్రానికి బాగా దూరం వెళ్ళిపోయాక, ఒకరోజు పొద్దున పేజీ తెరిస్తే ఆందాయ్ ఒడ్డున నీలం చుక్క ఉంది.

ముందు నవ్వొచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఇలాంటివి రోజూ చూస్తాం. పేజీ మూసి తెరిచాను. చుక్క కొంచెం కదిలింది. మధ్యాహ్నానికి మొదటి కొండ ఎక్కుతోంది. బ్యాగు విప్పి ట్రాకర్ తీశాను. బటన్ ఎంత నొక్కినా వెలగలేదు. ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"మీ పరికరం బాగానే పనిచేస్తోంది మేడమ్," అంది అవతలి అమ్మాయి హుషారుగా. "బ్యాటరీ నిండుగా ఉంది. మీరు సరైన దారిలోనే ఉన్నారు. ఎంజాయ్ యువర్ హైక్!"

రియాకి మెసేజ్ పెట్టాను, నా ట్రాకర్ గానీ నీ బ్యాగులోకి వచ్చిందా అని. "నో. లోల్. ఇమిగ్రేషన్ వాళ్ళు ఆ పేజీ చూస్తే నీ పని అయిపోయింది," అని జవాబు.

నేను మాత్రం దాన్ని చూడకుండా ఉండలేకపోయాను. నీలం చుక్క నేను నడిచినట్టే నడిచేది. ఎక్కుడులో నెమ్మది, దిగుడులో ఇంకా నెమ్మది. నాకు మోకాలు నొప్పి ఉంది. నేనెలా కాసేపు నడిచి కూర్చుంటానో అదీ అలాగే ఆగేది. ఒక్కటే తేడా. రియా రాత్రిళ్ళు పడుకునేది. అది పడుకునేది కాదు. నేను లేచేసరికి మా ఇద్దరి చుక్కల మధ్య దూరం తరిగి ఉండేది.

నాకు మడమల మీద బొబ్బలొచ్చాయి. ఆఫీసుకి చెప్పులేసుకుని వెళ్ళాను. దాహం మొదలైంది. డెస్క్ మీద బాటిల్ నింపుతూనే ఉన్నాను, తాగుతూనే ఉన్నాను, నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలియదు. నాలుక మాత్రం పొడిగానే ఉండేది.

ఇరాతీ అడవిలో కొండ బసకి చేరాక రియా ఫోన్ చేసింది. అక్కడ సిగ్నల్ ఉందట.

"దీపూ, ఒక వియర్డ్ విషయం. ఇక్కడ డిన్నర్‌కి ఈ ప్లేస్ నడిపే ఆవిడ నా టేబుల్‌లో రెండు ప్లేట్లు పెట్టింది. నేను ఒక్కదాన్నే అంటే, మరి నీ ఫ్రెండ్ ఎందుకు బయటే నిలబడింది, లోపలికి రమ్మను, చలి కదా అంది. నేను వెళ్ళి చూశా. ఎవరూ లేరు."

"ఇంకెవరో హైకర్ అయ్యుంటారే."

"అదే. అయ్యుంటారు," అంది రియా. "నీ చుక్క ఎక్కడ ఉంది ఇప్పుడు?"

పేజీ చూశాను. ఎరుపూ నీలం ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"సర్వర్ డౌన్," అన్నాను. రియాతో అబద్ధమాడటం అదే మొదలు.

తర్వాతి రెండు రోజులూ రియా ఓరీ శిఖరం వెన్ను మీదుగా, కత్తి అంచులాంటి దారిలో నడిచింది. నీలం చుక్క ఆమెని దాటలేదు, వదల్లేదు. ఆమె ఆగితే ఆగింది. శుక్రవారం మధ్యాహ్నం లోపే నేను ఆఫీసు నుంచి వచ్చేసి, పైకెళ్ళి ఆంటీకి ఫోన్ చూపించాను. నవ్వుతారనుకున్నాను. ఆంటీ కూరగాయల కత్తి పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"గా దినం నువ్వు ఎయిర్‌పోర్ట్ కెళ్ళి వచ్చినంక కాళ్ళు కడుక్కున్నవా?"

"లేదు ఆంటీ."

"కూసొని నీళ్ళు తాగినవా?"

"మీటింగ్ ఉంది కదా..."

"నీ మీటింగ్ మన్నుగాను," అన్నారు ఆంటీ. కోపంగా కాదు, భయంగా. "గడప దాటినంక ప్రయాణం ఆగిపోతే, తిరిగొచ్చి కాళ్ళు కడుక్కోవాలె. జర కూసొని నీళ్ళు తాగాలె. గప్పుడే వచ్చినట్టు. నేనేమో ఎదురొచ్చి నిన్ను సాగదోలిన. నువ్వేమో తిరిగి రాలే. నువ్వింకా తోవలనే ఉన్నవ్ బిడ్డా."

"నేను ఇక్కడే ఉన్నా కదా ఆంటీ, మీ ఎదురుగా."

ఆంటీ నా ముఖం చూశారు. తర్వాత ఫోన్ చూశారు. ఏది నేనో తేల్చుకోలేనట్టు చూసిన ఆ చూపు నేను మర్చిపోలేను.

"గది ఆ పిల్లను ఏం జేస్తదో తెల్వదు. దాన్ని ఇంటికి దెచ్చుకోవాలె. ఇప్పుడు రాహుకాలం. రేపు పొద్దుగాల బ్యాగు ఏసుకొని బయట నిలబడు. నేను నీళ్ళు పోస్త. లోపలికి రా. అయిపోతది."

శనివారం పొద్దున్నే రియా మెసేజ్ వచ్చి ఉంది. "ఈరోజు రాళ్ళ ఎడారి. సాయంత్రం లెస్కున్ ఊరు. పిజ్జా ఉంటే పెళ్ళి చేసుకుంటా."

ఆ రాళ్ళ ఎడారి మా మ్యాపుల్లో మేం ఎర్ర పెన్నుతో చుట్టిన చోటు. ఆనీ శిఖరం కింద మైళ్ళ కొద్దీ తెల్లటి సున్నపురాయి, ఎండిన సముద్రంలా. అందులో వానలు తొలిచిన పగుళ్ళు, బావులు. కొన్నింటికి అడుగు తెలియదంటారు. పైన పొదలు కప్పేసి ఉంటాయి. రంగు గుర్తుల్ని వదలకుండా నడిస్తే భయం లేదు. పొగమంచు పడితే మాత్రం గుర్తులు కనపడవు.

నేను బూట్లు వేసుకుని, బ్యాగు వీపున తగిలించుకుని, గడప బయట మెట్టు మీద నిలబడ్డాను. ఆంటీ లోపల పీట వేసి, దాని పక్కన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టి, బకెట్టూ చెంబూ తెచ్చుకున్నారు. బూట్లు విప్పి గడప లోపలికి కాలు పెట్టడమే. చివరిసారి పేజీ చూద్దామని ఫోన్ తీశాను.

ఎర్ర చుక్క, పేజీలో కాలిబాటని చూపించే గీతని వదిలేసి ఉంది.

కొద్దిగా కాదు. దారి తూర్పుకి వెళ్తుంటే రియా దక్షిణంగా, రాళ్ళలోకి వెళ్తోంది. అక్కడి వాతావరణం చూశాను. మబ్బు. అంతా మబ్బు. "ఆగు. దారి తప్పావు. కదలకు," అని మెసేజ్ పంపాను. పంపినట్టు చూపిస్తోంది, చేరినట్టు చూపించడం లేదు. ట్రాకర్ కంపెనీ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేశాను. అక్కడి రెస్క్యూ వాళ్ళకి చెప్తామన్నారు, పొగమంచులో హెలికాప్టర్ ఎగరదన్నారు, నడిచి వెళ్ళేసరికి సమయం పడుతుందన్నారు.

"ఏమైందే?" అన్నారు ఆంటీ.

చెప్పాను.

"అగో! అదే తీస్కపోతున్నది పిల్లను. లోపలికి రా ముందు! నువ్వొస్తే అది వదులుతది!"

చుక్క మారింది. ఎరుపు ఇంకొంచెం లోపలికి వెళ్ళింది. నీలం దాని వెనకే ఉండాల్సింది, ఇన్ని రోజులూ ఉన్నట్టు. లేదు. పక్కకి వెళ్ళింది. పడమటి వైపు, ఎరుపుకి దూరంగా.

"బిడ్డా, కాలు లోపల పెట్టు!"

నేను బూటు లేసు విప్పాను. లోపల గ్లాసు కనిపిస్తోంది. నా గొంతు ఎంత ఎండిపోయిందంటే, ఆ నీళ్ళ వాసన నాకు బయటికి తెలుస్తోంది. ఇంకోసారి పేజీ మారింది. నీలం చుక్క పడమర నుంచి దక్షిణానికి తిరిగింది. గుండ్రంగా. ఎరుపుని తాకకుండా, చుట్టూ, చాలా వేగంగా. నా మోకాలితో నేనెప్పుడూ అంత వేగంగా నడవలేదు, ఓల్డ్ ర్యాగ్ మీద పొదల్లో తప్ప.

అప్పుడు నాకు తెలిసింది. అది ఆమెని తీసుకుపోవడం లేదు. వెనక నుంచి పిలవలేక చుట్టూ తిరిగి ముందుకెళ్తోంది.

లేసు మళ్ళీ ముడి వేశాను.

"ఏం జేస్తున్నవే?"

"ఇప్పుడు రాను ఆంటీ. నేను లోపలికొస్తే అది వచ్చేస్తుంది. రియా ముందు ఎవరూ ఉండరు."

"అది నువ్వు కాదే! నీ లెక్క ఉన్నదేదో!"

"ఏమో ఆంటీ. కానీ దానికి నా అలవాటుంది."

గడప లోపల ఆమె చెంబుతో, గడప బయట నేను బ్యాగుతో. రోడ్డు మీద ఎవరో కుక్కని నడిపించుకుంటూ గుడ్ మార్నింగ్ అన్నారు. తొడలు మండుతున్నాయి, ఊపిరి ఆడటం లేదు. నేను నిలబడే ఉన్నాను. నా పెదాల మీద ఏదో చల్లటి తడి పేరుకుంటోంది. హెర్న్‌డన్‌లో ఎండ కాస్తోంది.

పేజీ మారింది. నీలం చుక్క ఆగిపోయింది, ఎరుపుకి సరిగ్గా ఎదురుగా.

తర్వాత ఎరుపు కూడా ఆగింది.

తర్వాతి చుక్క కోసం ఎదురుచూసిన ఆ కాసేపు నేను ఏమేం మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. ఎరుపు కదిలినప్పుడు అది వెనక్కి కదిలింది. వచ్చిన దారినే, నెమ్మదిగా, ఉత్తరానికి. గీతని తాకింది. గీత వెంట తూర్పుకి తిరిగింది. నీలం చుక్క మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది.

రియా లెస్కున్ చేరేదాకా నేను మెట్టు దిగలేదు, గడప ఎక్కలేదు. చేరాక బూట్లు విప్పాను. ఆంటీ నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు. నీళ్ళు తేటగా వెళ్ళిపోయాయి. పీట మీద కూర్చుని గ్లాసెడు నీళ్ళు తాగాను. దాహం తీరలేదు. ఇద్దరం పేజీ చూశాం. నీలం చుక్క అక్కడే, రాళ్ళలో.

"ఆలస్యం జేసినవ్," అన్నారు ఆంటీ మెల్లగా. "తిట్టడం లేదు బిడ్డా. మంచి పనే జేసినవ్. కానీ ఇగ అది నడిచే రావాలె."

రియా ఫోన్ చేసింది. గొంతు చిన్నపిల్లలా ఉంది.

"దీపూ, నీకు పిచ్చి అనిపిస్తుంది. ఫాగ్‌లో నా చేయి నాకు కనపడలేదు. నేను గుర్తు చూశా అనుకున్నా, అలా వెళ్తున్నా. నువ్వు ముందుకి వచ్చావ్. చెయ్యి ఎత్తావ్. బ్యాగు, గ్రీన్ జాకెట్, అన్నీ. నేను నవ్వా. ట్రాఫిక్ పోలీస్ అన్నా. నువ్వు నవ్వలేదు. అప్పుడు కిందకి చూశా. మన ఇద్దరి మధ్యలో నేల లేదు."

నేను ఫోన్‌ని రెండో చెవికి మార్చుకున్నాను.

"నేను వెనక్కి వచ్చా. కొంచెం దూరం వచ్చి తిరిగి చూశా. నువ్వు అటు తిరిగి కూర్చుని ఉన్నావ్. బాగా అలిసిపోయినట్టు. నాకు నిన్ను పిలవాలని ఉంది, దీపూ. చాలా ఉంది. కానీ నాకు నీ వీపే కనపడింది. వెనక నుంచి పిలవకూడదు కదా." ఆమె ఏడుస్తోంది. "నేను తప్పు చేశానా?"

"లేదు," అన్నాను. "కరెక్టే చేశావ్."

మర్నాటికి నీలం చుక్క పడమటికి తిరిగింది. వచ్చిన దారినే ఓరీ శిఖరం, ఇరాతీ అడవి, బాస్క్ కొండలు. ఈసారి చాలా మెల్లగా, ఎక్కువసార్లు కూర్చుంటూ. రియా మిగతా నడక మానేసి ఇంటికొచ్చేసింది. వచ్చిన రోజు, ఒక్కసారి చాలని ఆంటీ అన్నా వినకుండా రెండుసార్లు కాళ్ళు కడుక్కుంది.

చుక్క ఆందాయ్ చేరిన రోజు ముగ్గురం పైన వంటింట్లో ఫోన్ చుట్టూ కూర్చున్నాం. ఒడ్డున ఆగుతుందనుకున్నాం. పేజీ మారింది. చుక్క నీలం రంగు నీళ్ళ మీద ఉంది. ఇంకోసారి మారింది. ఇంకొంచెం లోపలికి.

"విమానం పోయే గీత అదే," అన్నారు ఆంటీ. "తెలిసిన తోవ పట్టుకున్నది."

వేసవి అయిపోయింది. నా అప్లికేషన్ అప్రూవ్ అయింది. ఆకులు ఎర్రబడ్డాయి. నా దాహం నాతోనే ఉంది. తలుపు పక్కన ఆంటీ రోజూ చెంబుతో నీళ్ళు నింపి పెట్టేవారు, సాయంత్రం చెట్టుకి పోసేసేవారు. మొదట్లో భయంతో పెట్టేవారు. అట్లాంటిక్ సగం దాటాక, దూరాభారం నుంచి వస్తున్న చుట్టం కోసం పెట్టినట్టు పెట్టేవారు. రియా ఒక్కతే పేజీ చూడటం మానేసింది. "వచ్చాక నాకు చెప్పు," అంది. "నేను సారీ చెప్పాలి దానికి."

ఒక ఆదివారం పొద్దున చుక్క డల్లస్ ఎయిర్‌పోర్టు దాటి, హెర్న్‌డన్ మధ్యలోంచి వెళ్ళే పాత రైలు దారి, ఇప్పుడు సైకిళ్ళూ జాగింగ్ వాళ్ళూ తిరిగే బాట, దాని మీదకొచ్చింది. నేను బ్యాగు వీపున వేసుకుని బూట్లు తొడుక్కున్నాను. ఆంటీ చేతిలోంచి చెంబు తీసుకున్నాను.

"నేను ఎదురెళ్తా ఆంటీ. ఎవరో ఒకరు వెళ్ళాలి కదా."

ఆంటీ పక్కకి జరిగి దారిచ్చారు. రియా గడపలో నిలబడింది. నేను నడుస్తుంటే ఆమెకి పిలవాలని ఉందని నా వీపుకి తెలుస్తోంది. పిలవలేదు.

బాట మీద మంచు పల్చగా ఉంది. ఒక సైకిల్ గంట కొట్టుకుంటూ దాటిపోయింది. తండ్రీ కూతురూ కాలితో తోసే స్కూటర్ల మీద వెళ్ళారు. నేను ఫోన్ చూసుకుంటూ నడిచాను. నీలం చుక్క నా వైపు వస్తోంది. దాని తర్వాత చూసేసరికి నేనున్న చోటే ఉంది. ముందు ఎవరూ లేరు. వెనక్కి చూడలేదు. ఎడమ మోకాలు మాత్రం నాది కాని అలసటతో ఒక్కసారి వంగింది. సున్నం వాసన వచ్చింది, వానకి తడిసిన రాయి వాసన.

"రా," అన్నాను, మెల్లగా, ఎదురుగా చూస్తూనే. "ఇంటికెళ్దాం."

తిరిగి వస్తుంటే కంకర మీద నా అడుగుల చప్పుడు వినిపించింది. దాని వెనకే ఇంకో జత, మోకాలు నొప్పితో ఎడమకాలు కొంచెం ఈడుస్తూ.

గడప బయట బూట్లు విప్పాను. ఆంటీ చెంబు అందుకుని నా పాదాల మీద నీళ్ళు పోశారు. తెల్లటి బురద కారింది. చిక్కగా, సున్నం కలిపినట్టు. ఆంటీ బకెట్టు ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నారు. లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాను. రియా గ్లాసు అందించింది. తాగాను. నీళ్ళు చల్లగా గొంతులోంచి కడుపులోకి దిగడం తెలిసింది. ఎన్ని నెలలకో దిగాయవి.

"ఇంకో గ్లాసు?" అంది రియా.

"చాలు."

ఆమె నా ముందు కూర్చుని, నా ముఖంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసి, "సారీ," అంది.

"పర్లేదే," అన్నాను. ఆ మాట నేను అనాలనుకోకముందే నోట్లోంచి వచ్చింది.

మర్నాడు అటార్నీ ఆఫీసు నుంచి ఆవిడే ఫోన్ చేసింది. ఫైల్ మూసేసే ముందు అడగాల్సిన మామూలు ప్రశ్నలట. అప్లికేషన్ పెట్టిన తర్వాత దేశం దాటి వెళ్ళారా అని అడిగింది.

నేను తలుపు వెనక ఉన్న బూట్లు చూశాను. ఓల్డ్ ర్యాగ్ తర్వాత వాటితో ఎయిర్‌పోర్టు దాకా ఒకసారి, మెట్టు దాకా ఒకసారి, నిన్న బాట దాకా ఒకసారి, అంతే నడిచాను. అడుగుభాగం అరిగి, అరిగి, లోపలి బట్ట కనిపిస్తోంది.

"హలో? మిస్ దేదీప్యా?"

"లేదండీ," అన్నాను. "నేను ఇక్కడే ఉన్నాను."